చదవని పుస్తకాల దొంతరను దారికి తెచ్చుకోవడం ఎలా

చిరిగిన చొక్కా తొడుక్కునైనా మంచి పుస్తకం కొనుక్కోమన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాం. విన్నాం, కొన్నాం. కొన్నవాటిని ఎప్పుడు చదవాలన్నది మాత్రం ఆ మాటలో లేదు. అందుకే మంచం పక్కన ఒక దొంతర, బల్ల మీద ఇంకొకటి, బీరువాలో నిలబడ్డ పుస్తకాల నెత్తిన అడ్డంగా పడుకున్నవి మరికొన్ని. రాత్రి పది దాటాక వాటి ముందు నిలబడతాం. ఒకటి తీసి రెండు పేజీలు తిప్పి పెట్టేస్తాం. ఇంకోటి తీస్తాం. చివరికి ఫోన్ పట్టుకుని పడుకుంటాం.

దొంతరను పూర్తిగా ఖాళీ చేసే ఉపాయం నా దగ్గర లేదు. చదివే అలవాటున్న ఇంట్లో అది ఖాళీ కాదు కూడా. నేను చెప్పేదల్లా ఆ రాత్రి తచ్చాటను తప్పించుకునే పద్ధతి. సెలవురోజు ఉదయం మొదలుపెడితే సాయంత్రానికి తెమిలిపోతుంది. ఆ తర్వాత నెలకో పావుగంట కేటాయిస్తే చాలు.

మొదలుపెట్టే ముందు సిగ్గు పక్కన పెట్టండి. ఈ అలవాటుకు జపాన్ వాళ్లు ఏనాడో పేరు పెట్టేశారు: త్సుందోకు. మెయిజీ కాలంలో (1868–1912) పుట్టిన మాట. పోగేసి అలా వదిలెయ్యడాన్ని వాళ్లు ‘త్సుందె ఒకు’ అంటారు. దాని తోకను మార్చి, చదవడాన్ని సూచించే ‘దోకు’ను అతికించి ఎవరో ఛలోక్తిగా పుట్టించారు. తిట్టులా కాకుండా నవ్వుతూ అనుకునే మాట అది. మనమూ నవ్వుకుంటూనే పనిలోకి దిగుదాం.

ముందు అంకె ఊహించండి, తర్వాత దించండి

మీ దగ్గర చదవని పుస్తకాలు ఎన్ని ఉన్నాయో ఊహించి ఓ కాగితం మీద రాయండి. నేను 60 అని రాశాను. దించి లెక్కపెడితే 131. కళ్లెదుట ఉన్నవే నా ఊహకు అందాయి. ఆఫీసు సొరుగులో ఉన్నవి, ప్రయాణాల సంచి అడుగున ఉన్నవి, ఇల్లు మారినప్పుడు విప్పకుండా అటక మీదకు ఎక్కించేసిన అట్టపెట్టెలోవి అందలేదు. ఆ పెట్టెలో 40కి పైగా ఉన్నాయి. పెట్టె మీద ‘పుస్తకాలు – ముఖ్యం’ అని నా చేతిరాతే.

అన్నిటినీ ఒకేచోట నేల మీదకు చేర్చండి. ఇవాళ ఒక గూడు, వచ్చే వారం ఒక గూడు అనుకుంటే కుదరదు. విడివిడిగా చూసినప్పుడు ప్రతి పుస్తకమూ ఉంచుకోదగ్గదిగానే కనిపిస్తుంది. పక్కపక్కన పరిచినప్పుడే ఒకే విషయం మీద అయిదు పుస్తకాలు కొన్నామని, ఒకే పుస్తకం రెండు ప్రతులున్నాయని తెలుస్తుంది. నా దగ్గర అలాంటి జంటలు రెండు బయటపడ్డాయి. అట్టలు వేరు, లోపల సరుకు ఒకటే.

ఎలాగూ చేతిలోకి తీసుకున్నారు కాబట్టి తుడిచెయ్యండి. పొడి మెత్తటి గుడ్డ చాలు, తడి వద్దు. పుస్తకాన్ని గట్టిగా మూసి పట్టుకుని పైఅంచును వీపు వైపు నుంచి బయటికి తుడవాలి. ఎదురు తుడిస్తే దుమ్మంతా కుట్టులోకి చేరుతుంది. తుడుస్తూనే నాలుగు చోట్ల తెరిచి చూడండి. సన్నటి బెజ్జాలు, ఇసుకలాంటి పొడి, బూజు మచ్చలు, ముక్కవాసన ఉంటే ఆ పుస్తకాన్ని విడిగా ఓ సంచిలో కట్టి పక్కన పెట్టండి. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఒక్కో పుస్తకాన్ని ఒక్క ప్రశ్న అడగండి

‘ఇది మంచి పుస్తకమేనా?’ అని అడిగితే ఏదీ కదలదు. మంచిదని కాకపోతే కొనేవాళ్లమే కాదు. ‘ఎప్పటికైనా చదువుతానా?’ అన్నా లాభం లేదు, ఎప్పటికైనా అంటే మనసు అవుననే అంటుంది. ఇలా అడగండి: ఈ రాత్రి ఇంట్లో ఇదొక్కటే ఉంటే తెరుస్తానా, లేక త్వరగా పడుకుంటానా? జవాబు అయిదు సెకన్లలో రావాలి. రాకపోతే అదీ ఒక జవాబే.

జవాబును బట్టి నాలుగు కుప్పలు చేయండి.

అరువు తెచ్చినవి ముందు. పరహస్తగతం గతః అని మన పుస్తకాల గురించి మనం వాపోతాం గానీ, సరిగ్గా ఆ మాటే మన గురించి ఎవరో అనుకుంటూ ఉంటారు. నా కుప్పలో ఇవి నాలుగు తేలాయి. ఒకటి మూడేళ్లుగా నా దగ్గరే ఉంది. ఫోన్ చేసి క్షమాపణ చెప్పబోతే, ఆ స్నేహితురాలు ఇంకో ప్రతి కొనుక్కుని చదవడం కూడా పూర్తి చేసిందట. “నువ్వు చదివావా మరి?” అని అడిగింది. ఈ కుప్పకు గడువు వారం. చదివినా చదవకపోయినా వారం లోపల తిరిగి వెళ్లిపోవాలి.

రెండోది, వెతుక్కునే పుస్తకాలు. నిఘంటువులు, వ్యాకరణాలు, మొక్కల పెంపకం, ఇంటి మరమ్మతు, సంపూర్ణ రచనల సంపుటాలు, అట్లాసులు. వీటిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎవరూ చదవరు. ఇవి చదవని పుస్తకాలు కావు, పనిముట్లు. సుత్తిని పూర్తిగా వాడలేదని ఎవరైనా బాధపడతారా? నా 131లో ఇవి 22. వాటిని బీరువాలో వేరే గూట్లో పెట్టి లెక్కలోంచి తీసేశాను. ఊరికే అలా పేరు మార్చేసరికే గుండె బరువు కొంత దిగింది.

మూడోది, వెళ్లిపోవాల్సినవి. ఇక్కడే చెయ్యి ఆగుతుంది, కాబట్టి మనమూ కాసేపు ఆగుదాం.

చాలా పుస్తకాలు మనకోసం కొనం. మనం కాబోయే ఇంకెవరికోసమో కొంటాం. ఆ మనిషి తెల్లవారుజామునే లేస్తాడు, జర్మన్ నేర్చుకుంటాడు, నక్షత్రాల పేర్లు చెబుతాడు. నా దగ్గర చదరంగం పుస్తకాలు మూడు దొరికాయి. ఇంట్లో చదరంగం బల్ల లేదు. ఎప్పుడూ లేదు. ఒకటి ప్రారంభ ఎత్తుల మీద, ఒకటి ముగింపుల మీద, మూడోది రెండూ తెలిసినవాళ్లకు! అవి చేతిలో పట్టుకున్నప్పుడు పుస్తకాన్ని వదులుకోవడం కష్టమనిపించలేదు. ఆ చదరంగం ఆడే మనిషిని వదులుకోవడమే కష్టమైంది. అలాంటివాటిలో ఒక్క విషయం మాత్రం ఉంచుకోండి, నిజంగా మొదలుపెట్టగలిగేది. మిగతావాళ్లను సాగనంపండి.

కానుకగా వచ్చినవి ఇంకో చిక్కు. లోపల ఒకరి చేతిరాత, తేదీ, ‘ప్రేమతో’ అన్న సంతకం. ఆ పేజీ చింపొద్దు. పుస్తకం మీకు అక్కర్లేకపోయినా ఆ చేతిరాత కావాలనిపిస్తే పుస్తకాన్ని ఉంచుకోండి. అప్పుడది ఉత్తరాల సరసన చేరుతుంది, చదవాల్సినవాటి లెక్కలోకి రాదు. చేతిరాత కూడా అక్కర్లేదనుకుంటే ఫొటో తీసి పంపించెయ్యండి. ఇచ్చినవాళ్లు మీ బీరువా సోదా చేయరు.

పదేళ్ల నాటి కంప్యూటర్ పుస్తకాలు, పాత సంచికల పరీక్షల గైడ్లు, గడువు తీరిన పన్నుల పుస్తకాలు: వీటికి ఆలోచన అనవసరం.

ఇక సగంలో ఆగినవి. వీటిని తెరిచి గుర్తు ఎక్కడుందో చూడండి. ఒక నవలలో 38వ పేజీ దగ్గర నాకు దుకాణం బిల్లు దొరికింది. ఎప్పుడు ఆపానో తెలుసుకుందామని చూస్తే తెల్ల కాగితం. వేడికి అచ్చయ్యే రకం బిల్లుల మీద అక్షరాలు కొన్నేళ్లకు ఎగిరిపోతాయి. పేజీలో ఒక వాక్యం కింద పెన్సిల్ గీత, పక్కన ఆశ్చర్యార్థకం. ఎందుకు గీశానో గుర్తు లేదు. కథ గుర్తు లేదు, మనుషులు గుర్తు లేరు. సగంలో ఆగిన పుస్తకానికి నియమం ఇదే: ఆగిన చోటికి ముందు ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పగలిగితే అక్కడి నుంచి కొనసాగించండి. చెప్పలేకపోతే అది చదవని పుస్తకమే, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి. మొదటి పేజీ అనగానే నీరసం వచ్చిందా? మూడో కుప్పలోకి.

సంపుటాలుగా వచ్చిన పుస్తకాల్లో మొదటి సంపుటం ఒక్కటే లెక్క. అది నచ్చితే రెండోది ఎక్కడికీ పారిపోదు.

నా లెక్క చివరికిలా తేలింది: అరువువి 4, పనిముట్లు 22, వెళ్లిపోవాల్సినవి 33. మిగిలిన నాలుగో కుప్ప, అంటే నిజంగా చదవాల్సినవి, 72.

గడియారం పెట్టి కొలవండి

72 అంటే ఎంత? పుస్తకాల సంఖ్యతో ఏమీ తెలియదు, గంటల్లోకి మార్చాలి. మామూలుగా మీరు చదివే వేళలో, మామూలు వేగంతో, ఒక పుస్తకంలో పది పేజీలు చదివి ఎంతసేపు పట్టిందో చూడండి. పోటీ పరీక్షలా పరుగెత్తొద్దు. నాకు 18 నిమిషాలు పట్టింది. అంటే 300 పేజీల పుస్తకానికి 540 నిమిషాలు, తొమ్మిది గంటలు. రోజుకు 25 నిమిషాలు చదివితే 22 రోజులకు ఒకటి. ఏడాదికి 16 లేదా 17. ఆ లెక్కన 72 పుస్తకాలకు నాలుగేళ్ల పైచిలుకు, అదీ ఈలోగా ఒక్కటీ కొనకపోతే.

మీ లెక్క మీరు వేసుకోండి. తేలిన అంకె చూసి భయపడాల్సిన పని లేదు. ఇటలీ రచయిత ఉంబెర్తో ఎకోకు (1932–2016) మిలన్ ఇంట్లోనే దాదాపు 30,000 పుస్తకాలు ఉండేవి. రోజుకొకటి చొప్పున చదివినా వాటికి 82 ఏళ్లు పడుతుంది. ఆయన బతికింది 84. పుట్టిన మూడో ఏట నుంచి ఒక్క రోజూ మానకుండా చదివి ఉండాలన్నమాట. తన గ్రంథాలయాన్ని ఆయన పని కోసం కట్టుకున్నాడు గానీ లెక్క తీర్చడానికి కాదు. మనకు కావాల్సింది కూడా లెక్క తీరడం కాదు, రేపు రాత్రి చేతిలో ఏముండాలో తెలియడం.

ఏడాదికి ఇన్ని చదువుతానని పంతం పట్టేవాళ్లంటే నాకు పెద్దగా నమ్మకం లేదు. నేనూ ఒకసారి 50 అని పెట్టుకున్నాను. అక్టోబరుకల్లా 120 పేజీలు దాటిన పుస్తకం ముట్టుకోవడం మానేశాను. అంకె నెగ్గింది, లావు పుస్తకాలన్నీ ఓడిపోయాయి. మీకు అంకె కావాలంటే నిమిషాలకు పెట్టుకోండి.

అయిదింటి వరస కట్టండి

అసలు పని ఇదే. మిగిలినవాటిలోంచి అయిదంటే అయిదు తీయండి. తక్కినవన్నీ బీరువాలోకి వెళ్లిపోవాలి. వాటిని ఇక ‘చదవాల్సినవి’ అనకండి, మీ గ్రంథాలయం అనండి. మంచం పక్కన, కూర్చునే చోట కనబడేవి ఆ అయిదే.

అయిదే ఎందుకు? ఒక్క చూపులో ఆనతాయి. అలాగని మరీ తక్కువా కాదు, ఏ రోజు మనసు ఎలా ఉన్నా వాటిలో ఒకటి సరిపడుతుంది. సరిపడాలంటే అయిదూ ఒకే తీరువి కాకూడదు. 150 పేజీల లోపు సన్నటిది ఒకటి ఉండాలి. అది వారంలో పూర్తయి వరసను కదిలిస్తుంది. లావుది ఒకటి. ఎక్కడ తెరిచినా చదువుకోగలిగేది ఒకటి: కవిత్వమో, వ్యాసాలో, లేఖలో. వట్టి సరదాకి ఒకటి, దానికి సంజాయిషీ అక్కర్లేదు. అయిదోది, చాలాకాలంగా మీరు తప్పించుకు తిరుగుతున్నది.

ఒకేసారి రెండిటికి మించి చదవొద్దు. ఆ రెండూ వేర్వేరు జాతులవి కావాలి. ఉదయానికి ఆలోచించాల్సింది, రాత్రికి కథ. రెండు నవలలు కలిపి చదివితే ఒకదాంట్లో చనిపోయిన మామయ్య రెండోదాంట్లో పెళ్లికి వస్తాడు.

ఒకటి పూర్తయ్యాకే దాని స్థానంలోకి ఇంకొకటి రావాలి. అయితే ఆ ఇంకొకటి ఏదో ముందే ఎంచుకోండి. చేతిలో ఉన్న పుస్తకం ఇంకో ఇరవై పేజీలుండగానే బీరువా దగ్గరికెళ్లి తర్వాతిది తెచ్చి దాని కింద పెట్టండి. ఈ పద్ధతి మొత్తంలో నాకు ఎక్కువగా పనికొచ్చిన చిట్కా ఇదే. మంచి పుస్తకం ముగించిన రాత్రి మనసు నిండుగా ఉంటుంది, ఏది తెరిచినా రుచించదు, ఫోన్ చేతిలోకొస్తుంది. ఆ ఒక్క రాత్రి మూడు వారాలవుతుంది. తర్వాతి పుస్తకం అప్పటికే అక్కడ ఉంటే, కనీసం మొదటి పేరా చదివి పడుకుంటాం. మర్నాడు రెండో పేరా మనల్ని పిలుస్తుంది.

అయిదింటినీ దొంతరగా పేర్చొద్దు. అడుగున ఉన్నదాన్ని తీయడానికి పైన నాలుగు ఎత్తాలంటే ఎవరూ ఎత్తరు, పైదే చదువుతారు, లేదా ఏదీ చదవరు. నిలబెట్టండి. వీలుంటే ముఖాలు మీ వైపు తిప్పి పెట్టండి.

మొదటి యాభై పేజీలు

కొత్త పుస్తకాన్ని నిద్రకు పది నిమిషాల ముందు మొదలుపెట్టకండి. మొదటి కూర్చోడం నలభై నిమిషాలైనా ఉండాలి. పేర్లు, చోటు, రచయిత గొంతు చెవికి పట్టడానికి ఆపాటి సమయం కావాలి. ఆ తర్వాత పదేసి నిమిషాలు చదివినా సాగుతుంది.

ముందుమాట, తొలిపలుకు, ఆప్తవాక్యం, రచయిత నివేదన అంటూ నాలుగు గడపలున్న పుస్తకమైతే అన్నీ దాటేసి ఒకటో అధ్యాయంలోకి వెళ్లండి. వాటిని చివర్లో చదవండి. కథ మొత్తం ముందుమాటలోనే చెప్పేసే పెద్దమనుషులు కొందరుంటారు. పైగా పుస్తకం చదివాక ఆ ముందుమాటతో పోట్లాడుకోవచ్చు, అదో ఆనందం.

ఎంతవరకూ చదివి వదిలెయ్యొచ్చు అన్నదానికి అమెరికన్ లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ చెప్పిన కొలత ఒకటుంది. యాభై ఏళ్ల లోపువాళ్లు యాభై పేజీలు చదివి చూడాలి. యాభై దాటినవాళ్లు తమ వయసును వందలోంచి తీసేసి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. 70 ఏళ్లవారికి 30 పేజీలు. వందేళ్లు నిండినవారు అట్ట చూసే తీర్పు చెప్పొచ్చు. వయసు పెరిగేకొద్దీ ఓపిక కాదు, కాలం తగ్గుతుందన్న ఎరుక ఆ లెక్కలో ఉంది. కథల సంపుటికి మాత్రం ఈ కొలత నప్పదు. అక్కడ రెండు కథలు చదవండి, మొదటిదొకటి, పేరు చూసి మీరు ఎంచుకున్నదొకటి.

వదిలేసేటప్పుడు ఊరికే మూసెయ్యొద్దు. ఓ చీటీ మీద తేదీ, పేజీ, ఎందుకు ఆపారో ఒక్క ముక్కలో రాసి లోపల పెట్టండి. ‘అనువాదం మింగుడు పడలేదు.’ ‘ఇప్పుడు విషాదం వద్దు.’ ‘బాగుంది, కానీ నేను అలసిపోయాను.’ మొదటిదైతే వేరే అనువాదం వెతుక్కోవచ్చు. రెండోదైతే పుస్తకం బీరువాలో ఉండాలి. చీటీ లేకపోతే మూడింటికీ ఒకే శిక్ష పడుతుంది. చీటీకి బిల్లులు వాడొద్దని వేరే చెప్పక్కర్లేదు కదా.

లావు పుస్తకాలకు ఒక మాట. 900 పేజీల చరిత్ర పుస్తకం ఒకటి నాతోపాటు మూడు ఇళ్లు మారింది. ప్రతిసారీ మోశాను, ఒక్కసారీ తెరవలేదు. అయితే భయం విషయానిది కాదు, బరువుది. పడుకుని పట్టుకుంటే మణికట్టు లాగేది. బల్ల మీద పెట్టి చదవడం మొదలుపెట్టాక కదిలింది. అధ్యాయాలు చూసుకుని ఎనిమిది చోట్ల కాగితపు చీటీలు పెట్టాను, అంటే ఎనిమిది చిన్న పుస్తకాలయ్యాయి. ఒక చీటీకీ ఇంకో చీటీకీ మధ్య కావాలంటే వేరే పుస్తకం చదివాను. అయిదు నెలలు పట్టింది. అయిదు నెలలైతేనేం?

గుమ్మం దగ్గర కాపలా

ఇన్ని చేశాక వచ్చే వారం తొమ్మిది కొత్తవి కొంటే మొదటికొస్తుంది. ‘ఒకటి వస్తే ఒకటి పోవాలి’ అన్న సూత్రం చాలామంది చెబుతారు. నాకది కుదరలేదు. కొత్తదాన్ని కొనుక్కోవడానికి పాతవాటిలో ఒకదాన్ని బలి ఇచ్చి, తర్వాత దాన్నే మళ్లీ కొన్నాను.

కుదిరింది ఇది. నోటుబుక్కులోనో ఫోన్లోనో ఒక పట్టిక పెట్టుకోండి. కొనాలనిపించిన పుస్తకం పేరు, ఎవరు చెప్పారు, ఎందుకు కావాలనిపించింది, తేదీ. 30 రోజులు ఆగండి. నెల తర్వాత ఆ పట్టిక చదివితే సగానికి పైగా పేర్లు ఎవరో పరాయివాళ్లు రాసినట్టుంటాయి. కొట్టెయ్యండి. ఇంకా కావాలనిపించినవి కొనుక్కోండి, సంతోషంగా కొనుక్కోండి. తక్కువ ప్రతులు వేసిన పుస్తకాలకు, పాత పుస్తకాల్లో అనుకోకుండా కనబడ్డవాటికి మాత్రం ఈ నియమం వర్తించదు. నెల తర్వాత అవి దొరక్కపోవచ్చు.

కొన్న రోజే చివరి పేజీ మూలన పెన్సిల్‌తో ఒక వాక్యం రాయండి, ఎందుకు కొన్నారో. రెండేళ్ల తర్వాత ఆ వాక్యమే పుస్తకాన్ని తెరిపిస్తుంది. ‘తగ్గింపు ఉందని’ అని రాయాల్సి వస్తే మీకే తెలిసిపోతుంది. బీరువా గూళ్లను ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి, రెండో ప్రతి కొనకుండా ఆపుతుంది.

గ్రంథాలయంలో సభ్యత్వం ఉంటే పట్టికలో ఉన్నవాటిని ముందు అక్కడ వెతకండి. తిరిగి ఇవ్వాల్సిన తేదీ ఉన్న పుస్తకం సొంత పుస్తకం కంటే ముందు పూర్తవుతుంది. సొంతదానికి గడువు లేదు, అదే దాని శాపం. ఈ-బుక్కులకు బరువు లేదు గనక అవి ఎన్ని పోగయ్యాయో తెలియదు. ఉచిత నమూనా మాత్రమే దించుకుని, అది చదివాకే కొనండి.

పంపించేవీ, ఉంచుకునేవీ

గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో వెలువరించిన అయిదు సూత్రాల్లో ఒకటి: ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు. మూడో కుప్పను ఆ దృష్టితో చూడండి. నా చదరంగం పుస్తకాలకు పాఠకుడు పక్కింట్లోనే ఉన్నాడు, తొమ్మిదేళ్లవాడు. ‘రెండూ తెలిసినవాళ్లకు’ రాసినదాన్నే ముందు తీసుకున్నాడు. మొత్తం మూటగట్టి ఎక్కడో పడేయకుండా, విషయాల వారీగా విడదీసి ఎవరికి ఏది పనికొస్తుందో అడగండి. గ్రంథాలయానికి ఇవ్వాలంటే ముందు కనుక్కుని వెళ్లండి. వాళ్లకూ చోటు కరువే. ఇచ్చేముందు ప్రతి పుస్తకాన్నీ తిరగేసి దులపండి, ఉత్తరాలు, ఫొటోలు, ఒక్కోసారి డబ్బులు రాలతాయి. పెట్టె గుమ్మం పక్కన పెట్టి, దాని మీద వెళ్లిపోవాల్సిన తేదీ రాయండి. తేదీ లేకపోతే అది ఇంకో అటక పెట్టె అవుతుంది.

ఉంచుకున్నవి ఏళ్లపాటు ఎదురుచూడాలి కదా, వాటి ఆరోగ్యమూ చూడాలి. బీరువాను బయటి గోడకు ఆనించొద్దు, నాలుగు వేళ్ల సందు వదలండి. గోడ చెమ్మ పుస్తకాలకు చేరదు, గాలి ఆడుతుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే బూజు మొదలవుతుంది. కాగితాల మధ్య పరుగెత్తే సన్నటి లేత పురుగులు తినేది ఎక్కువగా ఆ బూజునే, కాబట్టి పొడిగా ఉంచితే అవీ తగ్గుతాయి. ఎండ నేరుగా తగలనివ్వకండి. కలప గుజ్జులోని లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకు పసుపెక్కుతుంది, కాగితం పెళుసవుతుంది. మామూలు పుస్తకాలు నిటారుగా నిలబడాలి, ఒరిగితే కుట్టు లాగుతుంది. మరీ పెద్దవి, బరువైనవి పడుకోబెట్టండి. తీసేటప్పుడు వీపు పైఅంచును వేలితో లాగొద్దు, ముందుగా చిరిగేది అక్కడే. రెండు పక్కల పుస్తకాలను కాస్త లోపలికి నెట్టి, నడుము పట్టుకుని తీయండి.

ముందు సంచిలో కట్టి పక్కన పెట్టినవి గుర్తున్నాయా? పురుగు పట్టినదైతే గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, ఇంటి ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక వెంటనే విప్పొద్దు. సంచి గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా, కనీసం ఒక రోజు, అలాగే ఉంచితే నీటి చెమట కాగితానికి పట్టదు. బూజు పట్టినదాన్ని ఆరుబయట నీడలో ఆరబెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని మెత్తటి కుంచెతో దులపండి. బాగా ముదిరినదాన్ని ఎవరికీ దానం చేయకండి, వాళ్ల బీరువా కూడా పాడవుతుంది.

మూడు నెలలకోసారి అయిదింటి వరసను చూడండి. మూడు నెలలుగా కదలని పుస్తకం ఉంటే బీరువాలోకి పంపి ఇంకోటి తెచ్చుకోండి. నా వరసలో ఇప్పుడు మూడోది ఆ 38వ పేజీ నవలే. మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టాను. నిన్న రాత్రి పెన్సిల్ గీత దగ్గరికి చేరాను. అంత ఆశ్చర్యపోయి గీసింది అచ్చుతప్పు కింద.